అడవికి పోయే రేడియో

జహీరాబాద్ బస్టాండు వెనక గల్లీలో గురులింగప్ప రేడియో దుకాణం ఉండేది. ఆ వారంలో అమర్నాథ్ అక్కడికి రావడం అది నాలుగోసారి. జేబులోంచి మడత పెట్టిన రూళ్ళ కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ఐదు సెట్ల పేర్లు, ఒక్కోదానికి ఎన్ని బ్యాండ్లు, ఎన్ని సెల్లులు పడతాయి, అవి ఎన్ని గంటలు నిలుస్తాయి, బరువెంత అని గళ్ళు గీసి రాసి ఉంది.

గురులింగప్ప సోల్డరింగు కడ్డీ పక్కన పెట్టి, కళ్ళద్దాలు ముక్కు మీదికి దించుకుని కాగితం చూశాడు.

"పిల్లను చూసుకునేటప్పుడు గూడ గింత లెక్క చూసినవా బిడ్డా?"

"అప్పుడు అమ్మ చూసింది కాకా."

"అందుకే మంచి పిల్ల దొరికింది."

బల్ల పక్కన కూర్చుని చాయ్ తాగుతున్న వాళ్ళు నవ్వారు. అమర్నాథ్ కూడా నవ్వాడు గాని, వేలు మాత్రం కాగితం మీది మూడో వరస దగ్గరే ఉంది. అది కొత్తగా వచ్చిన మూడు బ్యాండ్ల సెట్టు. అరచేతిలో ఇమిడేంత చిన్నది, వెండి రంగు మూత, సన్న సెల్లులు. సాయంత్రాలు ఈ దుకాణంలో తిప్పి చూసినప్పుడల్లా అది మద్రాసు నుంచి సిలోను దాకా అన్నీ పలికింది.

"ఎక్కడికి తీస్కపోతవ్ దీన్ని?" అని అడిగాడు గురులింగప్ప.

"ఉట్నూరు దాటినంక అడవిల. గుడారాల్లో ఉంటం, నెలా నెలన్నర."

"పాటలకా?"

"పాటలకే కాకా."

అబద్ధం కాదు. కాని సగమే చెప్పాడు.

అమర్నాథ్ తండ్రి రామ్‌కిషన్ అల్లం వ్యాపారి. మొగుడంపల్లి వైపు పొలాల నుంచి బస్తాలు తెప్పించి హైదరాబాదుకు పంపేవాడు. కొడుకు మట్టి వాసన లేని పని చెయ్యాలని హైదరాబాదులో బీయెస్సీ చదివించాడు. కొడుక్కి భూగర్భ జలాల సర్వేలో ఉద్యోగం వచ్చింది. నేలలో నాలుగు ఇనుప మేకులు దిగగొట్టి, తీగలు చుట్టి, కరెంటు పంపి, కింద నీళ్ళున్నాయో లేవో చూసే పని. "మట్టి నుంచి తప్పించిన అనుకుంటే మట్టి లోపలికే పోయిండు నా కొడుకు" అని ఆ పెద్దాయన పోయేదాకా నవ్వుతూ చెప్పుకునేవాడు.

ఆ పని అమర్నాథ్‌కు ఇష్టమే. ఎక్కడా బావి లేని ఊళ్ళో వాళ్ళకు ఒక చోటు చూపించి రావడం, మరుసటేడు అక్కడ నీళ్ళు పడ్డాయని వినడం, వీటికి మించిన సంతోషం అతనికి చాలా రోజులు తెలియదు. పెళ్ళయ్యాకే గుడారాలు బరువయ్యాయి. రెండేళ్ళ కిందట, 1976 వానాకాలంలో, అడవి క్యాంపులో ఉండగా ఇరవై రోజుల తరవాత జీపు వచ్చింది. టపా సంచిలో అతని పేరున రెండు కాగితాలున్నాయి. ఒకటి ఇంటి నుంచి కార్డు: కొడుకు పుట్టాడు. ఇంకొకటి తంతి: బాబు పోయాడు. తాను తండ్రి అయినట్టూ, బిడ్డ లేనట్టూ అతనికి ఒకే గంటలో తెలిసింది. పిల్లవాడు బతికింది పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ తాను ఏ ఏ చోట మేకులు కొట్టాడో సర్వే పుస్తకంలో తేదీలతో సహా ఉంది. ఆ పుస్తకం చాలాసార్లు తెరిచి చూసుకున్నాడు.

ఇప్పుడు కూతురికి ఎనిమిదో నెల. నెలలు నిండకుండానే పుట్టింది. ఝరాసంగం దేవుడికి మొక్కుకుని, ఆయన పేరులోని కేతకి అని పేరు పెట్టారు గాని, ఇంట్లో ఆ పేరుతో పిలవనివ్వరు. అమర్నాథ్ తల్లి సుగుణమ్మ, పుట్టువెంట్రుకలు ఝరాసంగంలో ఇచ్చేదాకా పిల్ల పేరు బయటివాళ్ళ చెవిన పడొద్దంది. ఒక బిడ్డ పోయిన ఇల్లు, ఉన్న బిడ్డ మీద ఎవరి కన్నూ పడకూడదు. అందుకని పెంటమ్మ అని పిలుస్తుంది. అమర్నాథ్ ఈ మాట మీద తల్లితో వాదించాడు. "దిష్టి ఏమన్న కరెంటా అమ్మా, తీగ లేకుంట పాకనీకె?" అన్నాడు. సుగుణమ్మ తొణకలేదు. "రేడియోకు తీగ ఉన్నదా?" అంది.

నిజానికి ఆ మాటతోనే అతనికి ఆలోచన వచ్చింది. హైదరాబాదు కేంద్రం ఆదివారం మధ్యాహ్నం శ్రోతలు కోరిన పాటలు వేస్తుంది. పాటకు ముందు, కోరినవాళ్ళ ఊరూ పేర్లూ చదువుతారు. భార్య మనోరమ వారానికొక కార్డు రాసి పోస్టులో వేయాలి. పాప బాగుంటే చివర పాప పేరు ఉండాలి. అతను అడవిలో వింటాడు. జీపు కోసం ఎదురుచూడక్కరలేదు.

"అత్తమ్మ ఇంటే?" అంది మనోరమ.

"మనింట్ల రేడియో ఏడిది?"

"గల్లీ మొదట్ల సావిత్రమ్మోళ్ళింట్ల ఉన్నది గద."

"ఆదివారం మధ్యాహ్నం అమ్మ పండుకుంటది."

మనోరమ పాపను ఇంకో భుజానికి మార్చుకుంది. "పేరు ఇన్నంత మాత్రాన పాప మంచిగున్నట్టు ఎట్ల? కార్డు పోయి, వాళ్ళు చదివేదాన్క ఎన్ని దినాలో."

అతనికీ తెలుసు. నక్షత్రం వెలుగు ఎప్పటిదో మనం ఇప్పుడు చూస్తాం అని కాలేజీలో చెప్పినప్పుడు ఆశ్చర్యపోయాడు. ఈ పేరూ అంతే. అయినా చీకట్లో ఏదీ లేకపోవడం కంటే నయం కదా అన్నాడు. మనోరమ సరేనంది.

ఇదంతా గురులింగప్పకు ఎలా చెప్తాడు? కాగితం మడిచి, ఆ చిన్న వెండి సెట్టు కట్టివ్వమన్నాడు.

గురులింగప్ప కదల్లేదు. అతను బీదరు వైపు నుంచి ముప్పై ఏళ్ళ కింద వచ్చి స్థిరపడ్డవాడు. అమ్మేటప్పుడు తొందరపడడం ఎరగడు.

"నువ్వినే పాట ఎప్పుడొస్తది?"

"ఆదివారం, రెండింటికి."

"పగటి రెండింటికి. మరి నువ్వు నా దుకాణంల రోజూ పొద్దుగూకినంకనే తిప్పి చూస్తివి. చీకటి పడితే తగరపు డబ్బా గూడ పాడుతది బిడ్డా. సైన్సు చదివినోనివి, నీకు నేను జెప్పాల్నా?"

అమర్నాథ్‌కు చెవులు వేడెక్కాయి. రాత్రివేళ మీడియం వేవ్ తరంగాలు పైకి పోయి తిరిగి నేలకు దిగుతాయనీ, పగలు అలా జరగదనీ, అందుకే పగలు దూరం స్టేషన్లు అందవనీ పరీక్షలో బొమ్మ గీసి రాశాడు. గళ్ళ కాగితంలో ఆ గడి ఒక్కటే గీయలేదు.

"రేపు మంగళారం, దుకాణం బందు," అన్నాడు గురులింగప్ప. "మధ్యాహ్నం రా. రెండు సెట్లు తీస్కోని ఊరు బయటికి పోదాం."

మరునాడు బొంబాయి పోయే లారీ ఎక్కి చిరాగ్‌పల్లి దగ్గర దిగారు. గురులింగప్ప చేతిలో చిన్న వెండి సెట్టు, భుజానికి తోలు కవరులో పాత రెండు బ్యాండ్ల సెట్టు. ఎవరో పట్టాదారు అమ్మేసి పోయిన ఆ పాతది నాలుగు పెద్ద సెల్లులు మింగుతుంది. కంది చేల పక్కగా నడిచి, ఎర్ర మొరం తవ్విన గుంత దగ్గర ఆగారు. రెండు నిలువుల లోతు.

"దిగు," అన్నాడు గురులింగప్ప.

"దీంట్లనా?"

"నీ అడవిల గుట్టల నడుమ పండుకుంటవ్. కరెంటు తీగలుండవ్, మిద్దెలుండవ్. మిద్దె మీద పాడినోడు గుంతల పాడుతడా లేదా చూద్దాం."

గుంతలో ఎండ నిలువుగా పడుతోంది. వెండి సెట్టు హైదరాబాదు దగ్గర గుయ్యిమంది. సన్నగా ఒక మాట వినిపించి మళ్ళీ గాలిలో కలిసింది. ముల్లు కొంచెం జరిపితే గుల్బర్గా పలికింది. కన్నడంలో ఎవరో ఎరువుల గురించి చెబుతున్నారు. గురులింగప్ప మొహం విచ్చుకుంది.

"నాకైతే ఇదే మంచిది. మా భాష మాట్లాడుతున్నది."

"నాకు హైదరాబాద్ కావాలె కాకా."

"సరే తియ్యి."

పాత సెట్టును మొరం మీద పెట్టి తిప్పాడు. మొదట గరగర. గురులింగప్ప పెట్టెను మెల్లగా పక్కకు తిప్పుతూ పోయాడు, బిడ్డను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒత్తిగిలిపించినట్టు. ఒక చోట గరగర తగ్గి హైదరాబాదు ఆడమనిషి గొంతు తేటగా వచ్చింది. లోపల తరంగాలను పట్టే కడ్డీ పొడుగు, అందుకే అంత దూరం అందుకుంటుందన్నాడు. కడ్డీ కొన కాక, దాని పక్క భాగం స్టేషన్ వైపు ఉండేలా పెట్టుకోవాలని అమర్నాథ్‌కు తెలుసు, కాని చేత్తో తిప్పి చూడడం అదే మొదలు. రెండు మూడుసార్లు తిప్పి, గొంతు పోగొట్టి, మళ్ళీ పట్టుకున్నాడు.

"బరువు గద కాకా."

"రెండున్నర కిలోలు. నీ బిడ్డ కన్న తక్కువనే. ఎత్తుకపో." గురులింగప్ప గుంత గోడకు ఆనుకుని బీడీ ముట్టించాడు. "రెండు మాటలు యాదిపెట్టుకో. ఇన్నంక సెల్లులు తీసి పక్కకు పెట్టు, లోపలుంటే కారి సెట్టును తింటయ్. రెండోది, పోస్టాఫీసుల రేడియో లైసెన్సు కట్టు. లేకుంటే పులి గూడ పట్టుకుంటది నిన్ను."

ఆ పాతదే తీసుకున్నాడు.

క్యాంపు ఉట్నూరుకు ఇరవై మైళ్ళ లోపల, రెండు గుట్టల మధ్య. జీపు డ్రైవరు సదాశివ ఆ సెట్టును చూసి, "సారూ, దీనికి వేరే గుడారం ఎయ్యాల్నా?" అన్నాడు. వారమంతా వాళ్ళు పొద్దున్నే తీగల చుట్టలు మోసుకుని పోయేవారు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం అమర్నాథ్ అన్నం పళ్ళెం ముట్టకుండా, తోలు కవరు భుజాన వేసుకుని పక్కనున్న మిట్ట ఎక్కేవాడు. బండ మీద సెట్టు పెట్టి, దక్షిణం చూసుకుని తిప్పేవాడు.

మొదటి ఆదివారం రాలేదు. రెండో ఆదివారం కూడా ఎన్ని ఊళ్ళో వచ్చాయి, జహీరాబాద్ రాలేదు. ఒక్కో పాటకు ముందు పేర్లు చదువుతుంటే ఊపిరి బిగబట్టేవాడు. పాట మొదలవగానే వదిలేవాడు. ఏ పాటా వినలేదు.

మూడో ఆదివారం, కార్యక్రమం అయిపోవచ్చిందనుకుంటుండగా వచ్చింది. "జహీరాబాద్ నుంచి మనోరమ, సుగుణమ్మ, కేతకి."

అంతే. మూడు పేర్లు. ఎవరో తెలియని మనిషి, ఎన్నో పేర్ల మధ్య, అదే మర్యాదగా, అదే తీరుగా చదివింది. అమర్నాథ్ బండ మీద వెనక్కి వాలి పడుకున్నాడు. కింద వాగు పక్కన సదాశివ అన్నం గిన్నె తోముతూ పైకి చూసి, "వచ్చిందా సారూ?" అని అరిచాడు. ఏం రావాలో అతనికి తెలియదు, కాని ఏదో రావాలని మాత్రం తెలుసు. అమర్నాథ్ చెయ్యి ఊపాడు.

ఆ వారం పని చేస్తుంటే ఆ పేరు చెవిలో తిరుగుతూనే ఉంది. పాప ఇప్పుడు కూర్చుంటుందా? పాకుతుందా? పాకితే గడప దగ్గర ఎవరైనా కాపలా ఉంటారా? పొయ్యి? నీళ్ళ కాగు? ఒక పేరు వింటే మనసు నిమ్మళిస్తుందనుకున్నాడు. రెండు రోజులు నిమ్మళించింది. మూడో రోజు నుంచి ఆ పేరు వెనక ఉన్న పిల్ల కావాలనిపించింది. ఆమె తల మీద వాసన, జొన్నపిండీ నూనే కలిసినట్టుండేది, గుడారంలో పడుకుంటే గుర్తు తెచ్చుకోబోయేవాడు. గొంతు తరంగం మీద వస్తుంది. వాసన రాదు.

నాలుగో ఆదివారం మళ్ళీ మూడు పేర్లూ వచ్చాయి. ఐదో వారం వాన, గరగర తప్ప ఏమీ లేదు.

ఆరో ఆదివారం ఆకాశం కడిగినట్టుంది. సెట్టు గుంతలో పలికినంత తేటగా పలికింది. రెండో పాటకే వచ్చింది.

"జహీరాబాద్ నుంచి మనోరమ, సుగుణమ్మ."

పాట మొదలైంది.

అమర్నాథ్ సెట్టును ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. పాట ఇంకా తేటగా వచ్చింది. పేరు తప్పిపోలేదు. రెండు పేర్ల తరవాత చదివే ఆమె ఆగిన తీరు విన్నాడు, వాక్యం పూర్తయినట్టు ఆగింది. పాట సగంలో అతను లేచి నిలబడ్డాడు. వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టాడు. కార్డు హైదరాబాదు చేరడానికి రెండు రోజులు, అక్కడ వరసలో పడి చదివేసరికి కనీసం రెండు వారాలు. అంటే మనోరమ ఆ కార్డు రాసి రెండు వారాల పైనే అయింది. అప్పటికే ఆ పేరు రాయలేకపోయింది. మంచి కబురు పాతదని ముందే తెలుసు, దానికి సిద్ధపడ్డాడు. చెడ్డ కబురు కూడా అంతే పాతదవుతుందని ఆలోచించలేదు. ఏదైనా జరిగి ఉంటే అది అయిపోయింది. ఈసారి కూడా తాను మేకులు కొడుతూ ఉన్నాడు.

మిట్ట దిగి వస్తుంటే సదాశివ ఎదురొచ్చాడు. "ఏమైంది సారూ, మొకం గట్లయింది?"

"ఉట్నూరు దాన్క దింపుతవా సదాశివా?"

"ఇప్పుడా? లీవు..."

"రాసి పెడత. దింపు జర."

సదాశివ చేతులు తుడుచుకుని తాళంచెవి తీశాడు.

ఉట్నూరు, నిర్మల్, నిజామాబాద్, నారాయణఖేడ్. బస్సు వెనక బస్సు. నిర్మల్ బస్టాండులో తంతి ఇద్దామా అనుకున్నాడు. కాని జవాబు అందే చోటు తనకు లేదు. పక్క సీటులో ఒక తల్లి ఒడిలో పిల్ల నిద్రపోతుంటే అటు చూడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మళ్ళీ తనకు తెలియకుండానే ఇటు తిరిగాడు. ఆ పిల్ల కడుపు పైకీ కిందికీ కదులుతోంది. నారాయణఖేడ్‌లో వాళ్ళు దిగేదాకా దాన్నే చూశాడు.

జహీరాబాద్ చేరేసరికి మరునాడు మధ్యాహ్నం. గల్లీ మొదట్లో సావిత్రమ్మ అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. అతన్ని చూసి, "ఏం అమర్నాథ్, ఇప్పుడేనా వచ్చుడు?" అంది. ఎప్పుడూ అనే మాటే. ఆ మాట వెనక ఏముందో అని ఆమె మొహం వెతికాడు. ఏమీ కనబడలేదు. అడిగే ధైర్యం చాలలేదు. ఇంటి వైపు పరుగులాంటి నడకతో పోయాడు.

తలుపు తీసే ఉంది. నడవలో సుగుణమ్మ చాటలో జొన్నలు చెరుగుతోంది. ఆమె పక్కన నేల మీద, బుగ్గ మీద రూపాయి బిళ్ళంత కాటుక చుక్కతో, నడుముకు నల్లదారంతో, పాప కూర్చుని ఉంది. రెండు చేతులా జొన్నలు పట్టుకుని నోట్లో పెట్టుకోబోతోంది.

అమర్నాథ్ కాళ్ళు గడప దగ్గరే ఆగిపోయాయి.

"ఏం రా, చెప్పకుంట చెయ్యకుంట వస్తివి?" అంది సుగుణమ్మ. "జరమొచ్చిందా ఏంది, గట్ల ఉన్నవ్?"

లోపలి నుంచి మనోరమ వచ్చింది. అతను ఆమెనే చూస్తూ అడిగాడు. "పేరెందుకు రాయలే?"

మనోరమకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే స్తంభానికి ఆనుకుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఉత్తరం అందలేదా మీకు? అన్ని ముచ్చట్లు రాసిన."

"జీపు పోలేదు టపాకు."

సుగుణమ్మ చాట కింద పెట్టింది. "నేనే వద్దన్న. లోకమంత ఇనేటట్టు నా బిడ్డ పేరు డబ్బాల చదివిపిస్తరా మీరు? సావిత్రమ్మ ఇంట్ల కూసున్న ఆ దినం. చెవుల పడంగనే పానం పోయినట్టయింది. ఆ రాత్రికే పిల్లకు జరం. మూడు దినాలు కన్ను తెరవలే. దవాఖానకు ఈమె ఒక్కతే ఎత్తుకోని ఉరికింది, నువ్వు యాడనో గుట్టల మీద పేర్లు ఇనుకుంట కూసుంటివి."

పాపకు జ్వరం వచ్చిన రోజుల్లోనే తాను బండ మీద వెనక్కి వాలి సంతోషపడ్డాడు. అది అతనికి మెల్లగా తెలిసొచ్చింది. పేరు విన్న రోజున పిల్ల బాగాలేదు. పేరు వినని రోజున బాగానే ఉంది. తల్లితో దిష్టి గురించి వాదించబుద్ధి కాలేదు. తన లెక్క కూడా అంతకంటే గట్టిదేమీ కాదు.

"ఇప్పుడు మంచిగున్నది," అంది మనోరమ, అతని మొహం చూసి. "పాకుతున్నది. నిన్నటి సంది గోడ పట్టుకోని నిలబడుతున్నది. తీస్కోండ్రి."

అతను వంగి రెండు చేతులూ చాచి పాపను ఎత్తుకున్నాడు. పాప ఒకసారి ఆ గడ్డం మొహాన్ని చూసింది. పెదవి వంకర తిప్పింది. తరవాత గల్లీ చివరిదాకా వినిపించేలా ఏడ్చింది. వెనక్కి విరుచుకుని మనోరమ వైపు చేతులు చాచింది. అమర్నాథ్ గాభరాపడి ఇచ్చేశాడు.

"గడ్డానికి భయపడ్డది," అంది మనోరమ.

గడ్డం గీసుకుని వచ్చాడు. మళ్ళీ ఏడ్చింది.

"కొత్తోళ్ళను జూస్తె గంతే ఇప్పుడు," అంది సుగుణమ్మ. అన్నాక, ఆ మాట ఎలా తగిలిందో కొడుకు మొహంలో చూసి, చాట తీసుకుని వంటింట్లోకి పోయింది. లోపల పళ్ళెం పెట్టిన చప్పుడు వినిపించింది.

మనోరమ పాపను నేల మీద దింపింది. "ఎత్తుకోవద్దు. చూడొద్దు గూడ. ఊకెనే కూసోండ్రి. అదే వస్తది. గురులింగప్ప కాక వచ్చినప్పుడు గట్లనే చేసిండు, జెర సేపటికి ఒడిల కూసున్నది."

"కాక ఎందుకొచ్చిండు?"

"జరమని తెలిసి. రెండుసార్లు వచ్చిండు."

అమర్నాథ్ గోడకు ఆనుకుని కాళ్ళు చాచి కూర్చున్నాడు. అన్నం చల్లారుతోందని తల్లి లోపలి నుంచి పిలిచింది. వస్తున్నానన్నాడు, లేవలేదు.

"మల్ల ఎప్పుడు పోవుడు?" అంది మనోరమ మెల్లగా.

"రేపు పొద్దున ఆరు గంటల బస్సు. చెప్పకుంట వచ్చిన."

ఆమె అతని పక్కనే, కొంచెం ఎడంగా కూర్చుని, కింద పడ్డ జొన్నలు ఒక్కొక్కటి ఏరసాగింది.

పాప తల్లిని చూసింది. తల్లి పక్కనున్న మనిషిని చూసింది. రెండు చేతులు నేల మీద ఆనించి, ఒక అడుగు ముందుకు పాకి ఆగింది. మళ్ళీ వెనక్కి పోయి తలుపు చెక్కను కాసేపు గోకింది. ఆ తరవాత, ఎవరూ చూడట్లేదని నమ్మకం కుదిరినట్టు, పక్కగా పాకుతూ అతని పాదం దాకా వచ్చి, అడవి మట్టి ఇంకా పోని బొటనవేలిని పట్టుకుని పరీక్షగా చూసింది.

అమర్నాథ్ కాలు తిమ్మిరెక్కుతోంది. కదపలేదు.